నీటి చారల కత్తి

సాలార్‌జంగ్ మ్యూజియంలో ఆయుధాల గదికి వెళ్లినవాళ్లు ఎక్కువగా కత్తుల పిడుల దగ్గరే ఆగిపోతారు. బంగారు పూత, పచ్చరాళ్లు, ఏనుగు దంతం, ఎవరో సుల్తాను పేరు. కంటిని పట్టేసేవి అవే. అసలు చూడాల్సింది పిడికి ముందున్న అలుగును. అద్దానికి ఎదురుగా కాకుండా ఒక పక్కకు జరిగి, వెలుతురు అలుగు మీద ఏటవాలుగా పడే చోట నిలబడాలి. కొన్ని కత్తుల మీద అప్పటిదాకా కనిపించని సన్నటి చారలు తేలతాయి. లేత బూడిద రంగు నేల మీద తెల్లటి గీతలు వంకర్లు తిరుగుతూ, చీలుతూ, మళ్లీ కలుస్తూ మొన దాకా సాగుతాయి. ఒక గీత ఇంకో గీతలాగ ఉండదు. అయినా అలుగు మొత్తం ఒకే చేతి రాతలా కనిపిస్తుంది.

ఆ చారలను ఎవరూ ఉలితో చెక్కలేదు, పైన పూయలేదు. అలుగును అరగదీస్తే మాయమవుతాయి, మళ్లీ మెరుగుపెట్టి పులుసు, అంటే ఆమ్లం, పట్టిస్తే తిరిగి వస్తాయి. అవి లోహం లోపలే ఉన్నాయి. కత్తిని సాగగొట్టినవాడు ఇస్ఫహాన్‌లోనో, డమాస్కస్‌లోనో, లాహోర్‌లోనో ఉండొచ్చు. చారలకు పునాది పడింది మాత్రం అంతకన్నా ముందు, ఒక మట్టి మూసలో, అంటే ఉక్కు కరిగించే పాత్రలో. ఆ మూసలు పెద్ద ఎత్తున కాలిన చోట్లలో ఉత్తర తెలంగాణ ఒకటి. ప్రపంచమంతా ఆ కత్తులను డమాస్కస్ ఊరి పేరుతో పిలుస్తుంది. నా మట్టుకు అందులో సగానికి పైగా పనితనం మూస కాల్చిన కమ్మరిదే. ఎందుకో చెప్పాలంటే ముడి ఇనుము దగ్గర మొదలుపెట్టాలి.

పురాతన ఆయుధం అంటే లోకానికి ముందు గుర్తొచ్చేది కంచు. మెసపొటేమియాలో, చైనాలో రాజుల సమాధుల నిండా కంచు కత్తులూ ఈటెలూ దొరికాయి. దక్కన్‌లో కథ వేరు. ఇక్కడి మనిషి రాతి గొడ్డలి నుంచి దాదాపు నేరుగా ఇనుప గొడ్డలికి వచ్చాడు. రాగి, కంచు ఉన్నాయి కానీ తక్కువ. గిన్నెలకు, గాజులకు, చిన్న చిన్న పనిముట్లకు వాడారు. నిజాం రాజ్యంలోని రాయచూరు జిల్లా కల్లూరులో దొరికిన రాగి ఖడ్గాలు అరుదైనవి. పిడి చివర మీసాల్లా చీలిన అలాంటివి గంగా మైదానంలో దొరుకుతాయి, ఇంత దక్షిణాన అవి వింతే. మన దగ్గర పెద్ద రాళ్ల సమాధుల్లో చచ్చినవాడి పక్కన పెట్టినవి ఇనుప కత్తులు, ఇనుప బల్లేలు, ఇనుప గొడ్డళ్లు. తాడ్వాయి అడవిలో దామరవాయి దగ్గర బండలతో కట్టిన అలాంటి సమాధులు గుంపులుగా ఉన్నాయి. 2019లో ములుగు జిల్లా విడిపోయేదాకా ఆ అడవి భూపాలపల్లి జిల్లాలోనే ఉండేది. ఊళ్లవాళ్లు వాటిని రాకాసి గుళ్లంటారు. అంత బండలను మనుషులు ఎత్తి నిలబెట్టారంటే నమ్మలేక పెట్టిన పేరది.

కంచు కత్తికీ ఉక్కు కత్తికీ పనిలోనే తేడా ఉంది. కంచు కరుగుతుంది, అచ్చులో పోస్తే ఆకారం వచ్చేస్తుంది. ఇనుము అలా లొంగదు. స్వచ్ఛమైన ఇనుము కరగాలంటే 1538 డిగ్రీల వేడి కావాలి. బొగ్గు పోసి తిత్తులు ఊదే పాత కొలిమికి అది అందదు. అందుకే పాత కాలపు ఇనుము కరగకుండానే తయారయ్యేది. ఖనిజం నుంచి చిట్టెం కారిపోగా మిగిలిన మెత్తటి ముద్దను సమ్మెటతో మోది మురికి వదిలించేవాళ్లు. అది వంగుతుంది, పదును నిలవదు. దానికి తగుపాళ్లలో బొగ్గుసారం, అంటే కార్బన్, ఎక్కితేనే ఉక్కు. కార్బన్ ఎక్కినకొద్దీ కరిగే వేడి కూడా దిగివస్తుంది. నూటికి ఒకటిన్నర వంతు కార్బన్ ఉన్న ఉక్కు 1400 డిగ్రీలు దాటిన కొద్దిసేపటికే పూర్తిగా ద్రవమవుతుంది. చిట్టెం పైకి తేలిపోతుంది, అడుగున శుద్ధమైన ఉక్కు ఒకే ముద్దగా కుదురుతుంది. చెప్పడానికి ఇంతే. ఆ వేడిని ఒక రోజు మొత్తం తట్టుకుని, పగలకుండా, కరగకుండా నిలిచే పాత్ర ఏదన్నదే చిక్కు.

ఆ పాత్రను మన కమ్మరి వరి ఊకతో చేశాడు.

నిజామాబాద్ జిల్లాలో కమ్మర్‌పల్లి దగ్గర కోనసముద్రం అనే ఊరుంది. ఆ ఊరి పరిసరాల్లో దొరికిన మూస ముక్కలను థెల్మా లోవే అనే పరిశోధకురాలు 1980ల్లో సూక్ష్మదర్శిని కింద పెట్టి చూసింది. విరిగిన అంచు చూస్తే మూస గోడ నల్లగా, సన్నటి బెజ్జాలతో నిండి ఉంటుంది. మట్టిలో కలిపిన ఊక మాడిన జాడలవి. ఊకను మనం పనికిరాని వస్తువుగా చూస్తాం కానీ, ఊక కాలితే దాని బరువులో దాదాపు ఐదో వంతు బూడిదగా మిగులుతుంది. ఆ బూడిదలో నూటికి 90 పాళ్ల దాకా సిలికానే. అదీ పొడిగా రాలిపోదు, గింజ పొట్టు ఆకారంలోనే అస్థిపంజరంలా నిలుస్తుంది. కొలిమి వేడికి చుట్టూ ఉన్న మట్టిలోంచి ముల్లైట్ అనే ఖనిజం సన్నటి సూదుల్లా పుట్టుకొచ్చి ఒకదానిలో ఒకటి అల్లుకుంటుంది. మధ్యలో మిగిలిన మసి, మట్టిలోని ఇనుప తుప్పు కరిగి గోడను తినేయకుండా కాపాడుతుంది. బెజ్జాలు ఉండటం వల్ల వేడికి వ్యాకోచించినా గోడ పగుళ్లివ్వదు. ఒక్క ఊకతో ఇన్ని పనులు జరుగుతున్నాయి. కారణాలు కమ్మర్లు రసాయన పరిభాషలో చెప్పలేదు. కానీ గడ్డి కాకుండా, పేడ కాకుండా, ఇసుక కాకుండా ఊకనే ఎంచుకున్నారు. ఎంత పాలు కలపాలో, మట్టి ఏ నేల నుంచి తేవాలో తేల్చుకున్నారు. ఎన్ని మూసలు పగిలి, ఎంత ఉక్కు నిప్పుల పాలైతే ఆ పాళ్లు కుదిరాయో ఆలోచిస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

మూసలో ఏం వేసేవాళ్లు? దీనికి కళ్లారా చూసినవాడి మాట ఉంది. హెన్రీ వాయిసీ అనే వైద్యుడు, భూగర్భ పరిశీలకుడు, లాంబ్టన్ అనే అధికారి నడిపిన సర్వే దళంతో దక్కన్ అంతా తిరిగాడు. 1824లో చనిపోయాడు. కోనసముద్రం ఉక్కు గురించి ఆయన రాసి పెట్టుకున్నది 1832లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో అచ్చయింది. ఆయన చెప్పిన ప్రకారం ఇక్కడి మూసలో ఒకటి కాదు, రెండు రకాల ఇనుములు పడేవి. మిర్త్‌పల్లి ఇనుము 3 పాళ్లు, కొండాపురం ఇనుము 2 పాళ్లు. మొదటిది ఇనుప ఇసుక నుంచి వచ్చింది. రెండోది ఎర్రమట్టి నేలలో దొరికే ఖనిజం నుంచి, దూరం నుంచి మోసుకొచ్చి తీసింది. వీటికి తోడు గాజులాంటి చిట్టెం కొంత వేసేవాళ్లు. అది కరిగి పైన మూతలా కప్పుకుంటుంది, లోపలి ఉక్కుకు గాలి సోకనివ్వదు. మైసూరు, సేలం వైపు కమ్మర్లు ఒకే ఇనుము వేసి, కార్బన్ కోసం ఎండిన తంగేడు కట్టె, పచ్చి ఆకులు పెట్టేవాళ్లు. వాళ్ల పని కొద్ది గంటల్లో ముగిసేది. తెలంగాణ పద్ధతి ఇంకా బరువైనది, ఇంకా నెమ్మదైనది.

ఆ పాళ్ల వెనక ఉన్న తెలివి 1998లో గానీ బయటపడలేదు. దాని సంగతి ఇంకొంచెం ముందుకు వెళ్లాక.

మూసల మూతలు మట్టితో మెత్తి, సన్నటి రంధ్రం వదిలి, కొలిమిలో పేర్చి, తోలు తిత్తులతో 24 గంటలు ఆపకుండా ఊదేవాళ్లని వాయిసీ రాశాడు. ఒక పగలూ ఒక రాత్రీ. తిత్తి తొక్కేవాళ్లు మారుతుంటారు, బొగ్గు పడుతూనే ఉంటుంది. మూస లోపల ఏం జరుగుతోందో కంటికి కనిపించదు. మంట రంగును బట్టి, మూసను కదిపినప్పుడు లోపలి కదలికను బట్టి తెలుసుకోవాలి. తరవాత ఊదడం ఆపి, ఆ మూసలను కొలిమిలోనే నిదానంగా చల్లారనివ్వాలి. నాకు ఈ పనిలో అన్నిటికన్నా గొప్పగా తోచేది ఈ ఓపికే. రోజంతా ఒళ్లు హూనం చేసుకున్నవాడికి మూస పగలగొట్టి చూడాలన్న ఆత్రం ఉండదా? ఆత్రపడి నీళ్లు చల్లితే ఉక్కు దొరుకుతుంది, చారలు దొరకవు. నెమ్మదిగా చల్లారేటప్పుడు ఉక్కులో చెట్ల కొమ్మల్లాంటి పెద్ద స్ఫటికాలు పెరుగుతాయి. ఆ కొమ్మల మధ్య సందుల్లోకి ద్రవంలో ఉన్న అతి సూక్ష్మమైన ఇతర లోహాలు చేరుకుంటాయి. కత్తి మీది గీతలకు మొదటి ముగ్గు అక్కడ పడుతుంది.

మూస పగలగొడితే ఒకటిన్నర పౌండు, అంటే దాదాపు 700 గ్రాముల ఉక్కు బిళ్ల బయటికొస్తుంది. అడుగు గుండ్రం, పై ముఖం చదును. 17వ శతాబ్దిలో గోల్కొండ రాజ్యం తిరిగిన వజ్రాల వర్తకుడు తావెర్నియే ఈ బిళ్లలను చిన్న రొట్టెలతో పోల్చాడు. వాటిని రెండుగా నరికి లోపలి గుణం చూసుకుని కొంటారనీ, చారలు తేలే కత్తులకు గోల్కొండ ఉక్కు తప్ప వేరేది పనికిరాదనీ రాశాడు. అదే శతాబ్దిలో తెవెనో అనే ఇంకో ఫ్రెంచి యాత్రికుడు నిజామాబాద్ దారిలోని ఇందల్వాయిలో కత్తులు, బాకులు, బల్లేలు చేసే కొలుములను చూశాడు. వాయిసీకి కోనసముద్రంలో ఇస్ఫహాన్ నుంచి వచ్చిన హాజీ హుస్సేన్ అనే వర్తకుడు తటస్థపడ్డాడు. ఆయన కొలిమి దగ్గరే ఉండి బరువులు తూయించుకుంటూ, పని చూసుకుంటూ ఉన్నాడు. ఇరాన్‌లో ఈ ఉక్కు చేయాలని చూశారనీ, కుదరలేదనీ వాయిసీకి చెప్పింది అక్కడికి వచ్చే పర్షియా వర్తకులే. పర్షియా నుంచి సముద్రం దాటి, వందల మైళ్లు ఎడ్ల బండి మీద వచ్చి ఒక పల్లెలో మకాం పెట్టడం ఊరికే జరగదు.

బిళ్ల బయటపడ్డా పని అవ్వలేదు. అప్పుడు అది గాజులా పెళుసు, సమ్మెట పెడితే ముక్కలవుతుంది. బిళ్లలకు మట్టి పట్టించి మళ్లీ కొలిమిలో 12 నుంచి 16 గంటలు ఉంచేవాళ్లు. తీసి చల్లార్చి, మళ్లీ పెట్టేవాళ్లు. సుత్తెకు లొంగేదాకా ఇలా మూడు నాలుగుసార్లు. ఈ వాయిదాల్లో లోపలి కార్బన్ తీరు మారి, బిళ్ల పైపొర మెత్తబడుతుంది. ఆ తరవాతే అది కత్తి చేసేవాడి చేతికి వెళ్తుంది.

అక్కడ ఇంకో గండం ఉంది. ఈ ఉక్కును సాగగొట్టడానికి వేడి హద్దు చాలా ఇరుకు. మోదుగుపువ్వు ఎరుపు నుంచి పండు నారింజ దాకా, అంతే. ఇంకా వేడెక్కి పసుపు తిరిగితే సమ్మెట దెబ్బకు పొడిపొడిగా రాలుతుంది. చల్లబడితే పగులుతుంది. యూరప్ కమ్మర్లు తమ ఇనుముకు అలవాటైన తెల్లటి వేడికి తెచ్చి కొట్టారు, ముక్కలయ్యాయి, సరుకు మంచిది కాదన్నారు. మన ఊళ్ల కమ్మరి నాగలి కర్రు కాల్చేటప్పుడు చూసినవాళ్లకు తెలుసు, కొలిమి ఎప్పుడూ నీడ పట్టునే ఉంటుంది. ఎండలో ఎరుపు రంగు తెలియదు. వేడిని కంటితో కొలిచేవాడికి చీకటి కూడా పనిముట్టే.

ఎర్రగా కాల్చడం, కొట్టడం, చల్లబడనివ్వడం, మళ్లీ కాల్చడం. ఒక్కో కత్తికి ఇది ఎన్నో ఆవృత్తులు. అమెరికాలో వెర్హోవెన్ అనే లోహశాస్త్రవేత్త, పెండ్రే అనే కమ్మరి ఏళ్ల తరబడి కలిసి పని చేసి ఈ ఆవృత్తుల్లో జరిగేదాన్ని 1998లో వివరించారు. పాత ఉక్కులో వెనేడియం లాంటి లోహాలు అతి కొద్దిగా ఉంటాయి. నూటికి 0.004 వంతు చాలు. చల్లారేటప్పుడు అవి స్ఫటికాల సందుల్లో చేరతాయి. కమ్మరి కాల్చి కొట్టిన ప్రతిసారీ ఇనుము, కార్బన్ కలిసిన గట్టి రేణువులు ఆ లోహాలున్న వరసల్లోనే పెరుగుతాయి, మిగతా చోట్ల కరిగిపోతాయి. కొన్ని ఆవృత్తులు దాటేసరికి వెంట్రుక మందంలో సగం ఎడంతో వరసలు కుదురుతాయి. పులుసు పట్టిస్తే మధ్యలోని ఉక్కు నల్లబడుతుంది, రేణువులు తెల్లగా నిలుస్తాయి. మనం అద్దం వెనక చూసే చారలు అవే. అలాంటి లోహాలు లేని ఇనుముతో ఎంత మంచి కమ్మరి ఎంత కష్టపడ్డా చారలు రావు. 3 పాళ్లు ఈ ఇనుము, 2 పాళ్లు ఆ ఇనుము అని కోనసముద్రం కమ్మరి ఎందుకు పట్టుబట్టాడో ఇది చదివాక తేలిగ్గా ఊహించుకోవచ్చు. రెండు నేలల గుణం ఒక మూసలో కలపడం తన అనుభవంలో తేలిన సూత్రం. కత్తి చేసేవాడు ఆ వరసలను సుత్తెతో వంచి, పక్కలకు గాట్లు పెట్టి మళ్లీ చదును చేసి, నలభై మెట్ల నిచ్చెనలాంటి నమూనాలు తీశాడు. అది అతని గొప్పతనం, కాదనను. కానీ రాని చారను ఎవరూ వంచలేరు.

ఈ రహస్యం కోసం యూరప్ పడ్డ తంటాలు క్లుప్తంగా చెప్తాను. 1794లో బొంబాయి నుంచి డాక్టర్ హెలెనస్ స్కాట్ ఈ ఉక్కు నమూనాలను లండన్‌కు పంపాడు. మరుసటి ఏడు పియర్సన్ అనే ఆయన అక్కడ దాని మీద పరిశోధన పత్రం చదివాడు. ఆ తరవాత మైకేల్ ఫారడే, విద్యుత్తుతో పేరు రాకముందు, 1819 నుంచి కొన్నేళ్లు దీని మీదే కూర్చున్నాడు. ఆయన కమ్మరి కొడుకు కాబట్టి కావచ్చు, ఈ బిళ్లలో ఏదో ఉందని పట్టు వదల్లేదు. ఉక్కులో ఇతర లోహాలు కలిపి చూసే శాస్త్రానికి ఆ ప్రయోగాలు తొలి అడుగుల్లో ఒకటి. 2006లో జర్మనీలో డ్రెస్డెన్ పరిశోధకులు 17వ శతాబ్ది నాటి ఒక కత్తి ముక్కలో కార్బన్ నానోగొట్టాలు చూశామన్నారు. పత్రికలు ఈ సంగతినే ఎక్కువ మోశాయి. నాకైతే నానోగొట్టాల కన్నా ఊక పాళ్లే పెద్ద విషయం.

ఇంత పని ఏ సమాజంలోంచి వచ్చింది? కమ్మరి ఒంటరివాడు కాదు. కమ్మరి, వడ్రంగి, కంచరి, కంసాలి, రాతిపని చేసే శిల్పి, అయిదు పనులవాళ్లూ ఒకే విశ్వకర్మ వంశమని చెప్పుకుంటారు. ఒకరి చేతి సత్తువ ఇంకొకరి పనిముట్టులో ఉంటుంది. భూపాలపల్లి జిల్లా గణపురంలోని కోటగుళ్లకు వెళ్తే, కాకతీయుల నాటి ఆలయాల గుంపులో ఏనుగు మీదికి లంఘించే సింహపు రూపాలు నల్లరాతిలో కనిపిస్తాయి. పక్కన పాలంపేటలో 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన రామప్ప గుడిలో సూది మాత్రమే దూరే సందులు చెక్కారు. ఆ డోలరైటు రాయి మామూలు ఇనుప ఉలిని తినేస్తుంది. రోజూ ఉలులకు మొన సరిచేసి, నీళ్లు పట్టి, శిల్పి చేతికి అందించిన కమ్మరి ఒకడు ఆ గుడి పక్కనే కొలిమి పెట్టుకుని ఉండి తీరాలి. ఆయుధం చేసే చెయ్యి, దేవుడి విగ్రహానికి ఉలి చేసే చెయ్యి వేరు కావు.

జనగామ పక్కన పెంబర్తిలో ఈ బంధుత్వం ఇంకా బతికుంది. అక్కడి పని ఇత్తడి రేకు మీద. రేకును లక్క పరుపు మీద పరిచి, వెనక నుంచి ఉలులతో ఉబ్బెత్తు తీసి, ముందు నుంచి గీతలు దిద్దుతారు. ధ్వజస్తంభం తొడుగులు, మకరతోరణాలు, వాహనాలు, కలశాలు అలా పుడతాయి. 2010లో ఆ పనికి భౌగోళిక గుర్తింపు వచ్చింది. పెంబర్తి పనివాడు నమూనాను తన మనసులోంచి రేకు మీదికి తెస్తాడు, గీత ఎక్కడ పడాలో అతనికి ముందే తెలుసు. ఉక్కు కమ్మరిది దీనికి ఎదురు పద్ధతి. నమూనా లోహంలో పుట్టేందుకు కావలసినవన్నీ సమకూర్చి, తను తప్పుకుంటాడు. రెండూ చూస్తేనే ఈ ప్రాంతపు లోహపు పని ఎంత విశాలమైనదో తెలుస్తుంది.

మహబూబాబాద్ జిల్లా బయ్యారం, గార్ల గుట్టల్లో ఇనుప ఖనిజం గురించి ఈ తరానికి వేరే చెప్పక్కర్లేదు. 2014 పునర్విభజన చట్టంలో ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యాసాధ్యాలు చూడమని రాసిన దగ్గర్నుంచి ఆ పేరు ప్రతి సభలో వినపడుతూనే ఉంది. అదే బయ్యారంలో గణపతిదేవుడి చెల్లెలు మైలాంబ తవ్వించిన చెరువు, దాని శాసనం ఉన్నాయి. అక్కడి సభల్లో ఎవరూ ఎత్తని మాట, ఉక్కు ఇక్కడికి బయటి నుంచి రావాల్సిన పరిశ్రమ కాదని. 2010లో బెంగళూరు జాతీయ ఉన్నత అధ్యయనాల సంస్థ నుంచి శారదా శ్రీనివాసన్, ఇంగ్లండ్ ఎక్సెటర్ విశ్వవిద్యాలయం నుంచి గిల్ జూలెఫ్, ధర్మపురి పరిశోధకుడు జైకిషన్ కలిసి ఉత్తర తెలంగాణ ఊరూరా తిరిగి పాత ఇనుప కొలుముల జాడలు నమోదు చేశారు. ఊరి బయట చిట్టెం దిబ్బలు, కమ్మర్లు కొలిచే మమ్మాయి దేవత గుళ్లు, చెరువు కట్ట కింద విరిగిన మూసలు వాళ్లకు విస్తారంగా కనిపించాయి.

19వ శతాబ్దిలో పర్షియా వర్తకులు రావడం మానేశారు. బెస్సెమర్ పద్ధతి వచ్చాక విలాయతి ఉక్కు చవకైంది, అడవులకు కాపలా పడి బొగ్గు ప్రియమైంది, కత్తికి గిరాకీ పోయింది. మూస పని తండ్రి నుంచి కొడుకుకు అందడం ఆగిపోయింది. ఆ కమ్మర్లెవరూ రాసి పెట్టలేదు, ఎందుకంటే అది రాతలో ఇమిడే విద్య కాదు. ఇప్పుడు మిగిలిందల్లా చిట్టెం దిబ్బలు, మూస పెంకులే. పొలాలు చదును చేసినప్పుడు, రోడ్లకు మట్టి ఎత్తినప్పుడు అవీ పోతున్నాయి. కత్తి పక్కన ఒక మూస పెంకు, దాని కింద ఇక్కడి ఊరి పేరు పెట్టిన మ్యూజియం అర మన రాష్ట్రంలో ప్రతి ఆయుధాల గదిలో ఉండాలి. కత్తిని మాత్రమే చూపడం సగం వస్తువునే చూపినట్టు.

జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి వైపు పొలాల్లో తిరిగేవాళ్లకు గుర్తులు చెప్తాను. చిట్టెం అయితే ముద్దగా, బరువుగా, తీగలు తీగలుగా కారినట్టు ఉంటుంది. మూస పెంకు అలా ఉండదు, దానికి వంపు తిరిగిన గోడ ఉంటుంది. బయటి వైపు గాజులా మెరిసే ఆకుపచ్చ, నలుపు పూత, కొలిమి బూడిద కరిగి అంటుకున్నది. విరిగిన అంచులో నల్లటి మట్టి, నిండా ఊక వదిలిన సన్నటి బెజ్జాలు. లోపలి గోడ మీద ఒక ఎత్తులో చుట్టూ అంచులా పొడుచుకొచ్చిన గాజు గీత, చిట్టెం తేలిన మట్టం అది. ఆ గీతకు దిగువన తుప్పు రంగులో తేనెపట్టు గళ్ల లాంటి అచ్చు కనిపిస్తే, ఉక్కు గడ్డకట్టింది అక్కడే. ఫొటో తీసుకుని, పెంకును ఉన్న చోటే ఉంచి, వారసత్వ శాఖకు ఊరి పేరు, సర్వే నంబరు రాసి పంపండి. తీసి ఇంటికి తెస్తే అది ఒట్టి పెంకు. ఉన్న చోట ఉంటే దాని కింద కొలిమి దొరకొచ్చు.